ఇబ్రిలో కురిస్తే ఊళ్లో కురవదట

ఆ శుక్రవారం మధ్యాహ్నం మేస్త్రీ రూమ్‌లో ఉన్నవాళ్లం ఆరుగురం: మేస్త్రీ, అతని మేనల్లుడైన కార్పెంటరు, అదే ఊరివాళ్లయిన ముగ్గురు స్టీల్ ఫిట్టర్లు, నేను. ఉన్న వస్తువులు: మూడు ఇనప బంకు మంచాలు, నీళ్లు కారే ఏసీ, దాని కింద పెయింటు బకెట్టు, గిన్నెడు మటన్ కూర, రెండు ప్యాకెట్ల ఖుబూస్ రొట్టెలు, కోసిపెట్టిన ఉల్లిగడ్డలు, ఐదు ఫోన్లు, నా ల్యాప్‌టాప్. లేనివి కూడా చెప్పాలి. జలాశయం లేదు, పసుపు లేదు, ఆ ఊరి ఆకాశం లేదు. మేం కూర్చున్నది మాత్రం వాటి సంగతి తేల్చడానికే.

ఊరు ఉత్తర తెలంగాణలో, ఒక పెద్ద జలాశయం ఒడ్డున ఉంది. వాళ్లు దాన్ని ప్రాజెక్టు అంటారు. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయి ఒడ్డు నేల నెర్రెలు విచ్చుతుంది. ఆ పక్కన మెరక మీద వాళ్ల పసుపు కల్లాలు. మేమున్నది ఒమన్‌లో, ఇబ్రి ఊరి బయట, రోడ్లు వేసే ఒక కంపెనీ లేబర్ క్యాంపులో. నేను గుంటూరు వైపువాడిని. డిప్లొమా చదివి ఆ కంపెనీ ల్యాబులో కాంక్రీటు దిమ్మల్ని మిషన్‌లో పెట్టి, ఎంత ఒత్తిడికి పగిలాయో రాసే ఉద్యోగం చేసేవాడిని. క్యాంపులో తెలుగు వినిపించేది ఆ ఒక్క రూమ్‌లోనే. కూర కూడా బాగుండేది. అందుకే సెలవు రోజున అక్కడికి వెళ్లేవాడిని. వాళ్ల తెలివితేటల కోసం వెళ్లలేదు.

ఇబ్రికి వాతావరణం చెప్పడానికి మనిషి అక్కర్లేదు. ‘ఎండ’ అని ఒక బోర్డు రాయించి గేటు దగ్గర వేలాడదీస్తే ఏడాదంతా గడిచిపోతుంది. కానీ ఏప్రిల్ వచ్చిందంటే ఆ రూమ్ ఊరి వాతావరణ కేంద్రంగా మారేది. అది పసుపు ఆరబోసే కాలం. తవ్విన పసుపును పెద్ద కడాయిల్లో ఉడకబెట్టి కల్లంలో పరుస్తారు. కొమ్ము గలగలలాడేదాకా ఎండాలి. ఈలోగా అకాల వాన పడితే కొమ్ము మచ్చపడి రంగు పోతుంది. అలాగని భయపడి ముందే కుప్పచేసి టార్పాలిన్ కప్పితే, ఇంకా పచ్చిగా ఉన్న కొమ్ము ఆవిరి పట్టి బూజు పడుతుంది. కప్పడమూ నష్టమే, కప్పకపోవడమూ నష్టమే. వాన వస్తుందా రాదా అన్న ఒక్క ప్రశ్న మీద తొమ్మిది నెలల పంట ఆధారపడి ఉంటుంది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం ఇబ్రిలో ఉండేది. కల్లం దగ్గర నిలబడి తలెత్తితే ఆకాశం కనిపించే ఆడవాళ్లకు ఆ అధికారం లేదు. నెత్తిమీద రేకుల కప్పు, ఎదురుగా ఏసీ, కిటికీలోంచి కంపెనీ నీళ్ల ట్యాంకు తప్ప ఇంకేమీ కనిపించని మగవాళ్లకు ఉంది. ‘నన్నడగకుండ కుప్ప జెయ్యొద్దు’ అని ప్రతి భర్తా ఒక ఆర్డరు వేసి ఉంచాడు. కాబట్టి భార్యలు ఫోన్ చేసి, తమ నెత్తిమీద వాన పడుతుందా లేదా అని, సముద్రం అవతల రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో కూర్చున్న మనిషిని అడగాలి. ఇంతకన్నా మూర్ఖమైన ఏర్పాటును నేను ఏ సైట్‌లోనూ చూడలేదు. ఆఖరికి మా కంపెనీలో కూడా.

మగవాళ్లకు జవాబు ఎక్కడినుంచి వచ్చేది? మేస్త్రీ నుంచి. మేస్త్రీకి ఎక్కడినుంచి వచ్చేది? అది చెప్పాలంటే కొంచెం ఓపిక కావాలి.

మొదటిది టీవీ. ఊళ్లో ఎవరో టీవీ ముందు ఫోన్ పెట్టి తీసిన వీడియో ఆ రూమ్‌కు చేరేది. అందులో ఒక అమ్మాయి పటం ముందు నిలబడి, ఉపరితల ద్రోణి ప్రభావంతో ఉత్తర తెలంగాణలో అక్కడక్కడ తేలికపాటి నుంచి ఓ మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉందని చెప్పేది. ఈ వాక్యం తప్పు కావడానికి వీల్లేకుండా కట్టిన వాక్యం. వాన పడితే అది ‘అక్కడ’. పడకపోతే ఇది ‘అక్కడక్కడ’లో లేదు. చినుకు రాలితే తేలికపాటి, వాగు పొంగితే ఓ మోస్తరు. ఏమీ జరగకపోతే అవకాశం అన్నారు కదా. ఎంత ఒత్తిడికీ పగలని కాంక్రీటు దిమ్మ ఒకటి ఉందని ఎవరైనా నాతో అంటే మిషన్ చెడిపోయిందనుకుంటాను. ఈ వాక్యం అలాంటిదే. ఏళ్ల తరబడి దాన్ని భక్తిగా విని, ఫోన్‌లో దాచుకుని, పక్కవాడికి పంపుతూ వచ్చారు.

రెండోది మేస్త్రీ సొంత సిద్ధాంతం. దాన్ని అతను ఎక్కడా నేర్చుకోలేదు. తన గల్ఫ్ అనుభవం నుంచి తయారు చేసుకున్నాడు. ఒమన్ మీద లేచిన మొగులే సముద్రం దాటి మూడు దినాలకు తమ ఊరికి చేరుతుందని అతని నమ్మకం. మొగులు అంటే మేఘం. ఇబ్రిలో దుమ్ము లేస్తే ఊళ్లో మబ్బు పడుతుంది. ఇబ్రిలో వాన కురిస్తే మొగులు ఇక్కడే ఖాళీ అయిపోతుంది కాబట్టి ఊళ్లో కురవదు. ఇంతే. ఒక నీళ్ల ట్యాంకరు, రెండు సైట్లు. ఇక్కడ పోస్తే అక్కడికి మిగలదు.

ఒకసారి అడిగాను, ఇబ్రిలోనూ ఊళ్లోనూ ఒకే వారంలో వాన పడిన సంగతి తనకు గుర్తులేదా అని.

“ఎందుకు లేదు? పడ్డది.”

“మరి?”

“గది వేరే మొగులు సారూ.”

అతను నవ్వలేదు. వాదన నెగ్గిన మనిషిలా ఎముకలోంచి మూలుగ పీల్చుకున్నాడు.

ఇక ఆ వారం. గురువారం సాయంత్రం ఇబ్రిలో నిజంగానే వాన పడింది. కొండల వైపు ఉరుములు, క్యాంపు మీద అరగంట కుండపోత. వెనకాల ఎప్పుడూ ఎండిపోయి ఉండే వాదీ ఎర్రటి నీళ్లతో పారింది. వాదీ అంటే ఇక్కడి వాగు. అందరూ బయటికి వచ్చి ఫోన్లలో తీసుకున్నారు. మేస్త్రీ మాత్రం లుంగీ మోకాళ్ల దాకా ఎత్తి కట్టుకుని, ఆ నీళ్లను చూస్తూ, బ్యాంకులో పైకం జమ అయినట్టు తల ఊపాడు. ఆ వాన ప్రకారం శుక్రవారం తీర్పు ఏమిటో నాకు అప్పుడే తెలిసింది.

శుక్రవారం నేను ల్యాప్‌టాప్ తీసుకెళ్లింది అందుకే. కార్పెంటరు పసుపు కల్లంలోనే ఉందని నాకు తెలుసు. ఎకరం పంట. నాటినప్పుడు అతను సెలవు మీద ఊళ్లో ఉన్నాడు. కలుపు తీయించడం నుంచి తవ్వించి ఉడకబెట్టడం దాకా అంతా అతని భార్య చేసింది. ఆ ఏడు ఆ ఇంటికి ఇంకో పంట లేదు. ప్రపంచ వాతావరణ పటాలు ఉచితంగా చూపించే సైట్లు రెండు తెరిచాను. క్యాంపు ఇంటర్నెట్‌లో ఒక్కో పటం విచ్చుకోవడానికి మనిషి ఓ రొట్టె తినేంతసేపు పట్టేది. రెండూ దాదాపు ఒకే మాట చెప్పాయి. ఎండ బాగా ముదిరింది, తూర్పునుంచి తేమ వస్తోంది, ప్రాజెక్టుకు పడమటి వైపు సాయంత్రం పూట ఉరుముల మేఘాలు లేస్తాయి. ఒక పటం శనివారం అంది, ఇంకొకటి ఆదివారం అంది.

“ఈ రెండు రోజుల్లో ఒక సాయంత్రం గాలివాన వచ్చే అవకాశం పదింట ఆరు పాళ్లు ఉంది” అన్నాను.

“ఆరా?” అన్నాడు ఒక ఫిట్టరు. “పదికి పది రాలేదా సారూ? ఫెయిలా?”

“పాసే రా, ఫస్ట్ క్లాసు” అన్నాడు రెండోవాడు.

మేస్త్రీ నా ల్యాప్‌టాప్ వైపు చూడను కూడా చూడలేదు. “మీ దిక్కు సముద్రం ఉంటది. తుపాను వస్తుందంటె నువ్వు జెప్పు, నేను ఇంట. మా మొగులు సంగతి నీకేం ఎరుక?”

“స్టేట్ వేరువడ్డది గద సారూ, మొగులు గూడ వేరువడ్డది” అన్నాడు మూడో ఫిట్టరు. రూమంతా నవ్వు. రాష్ట్రం విడిపోయి ఎంతో కాలం కాలేదు. ఆ జోకు ప్రతి విషయానికీ పనికొచ్చేది, ఉప్పు తక్కువైనా సరే.

మేస్త్రీ చెయ్యి కడుక్కుని వచ్చి తీర్పు చెప్పాడు. “నిన్న ఇక్కడ ఎంత కురిసింది? వాదీ వారింది. ఇగ మొగుల్ల ఏముంటది? బారిష్ మాఫీ. ఖల్లాస్.” హిందీలో ‘వాన’, అరబ్బీలో ‘లేదు’, అరబ్బీలోనే ‘అయిపోయింది’. మూడు మాటల్లో రెండు దేశాల వాతావరణం తేలిపోయింది.

సరిగ్గా అప్పుడే ఒమన్‌లోనే ఇంకో చోట, అల్ ఖౌద్‌లో డ్రైవరుగా పనిచేసే ఆ ఊరివాడు ఒకడు మేస్త్రీకి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టారు.

“మామా, ఊళ్లె అందరు వాన లేదనే అంటుండ్రు. పసుపు ఎవ్వలు గప్పుతలేరు.”

మేస్త్రీ నా వైపు తిరిగాడు. “ఇన్నవా? ఊరు ఊరంత అంటుంది.”

నేను ఫోన్ దగ్గరికి జరిగి, ఊళ్లో ఎవరన్నారని డ్రైవర్ని అడిగాను.

“మా ఇంట్లామె.”

“ఆమెకు ఎవరు చెప్పారు?”

అతను లైన్‌లో ఉండమని చెప్పి ఇంకో ఫోన్‌లో కనుక్కున్నాడు. పక్కింటామె చెప్పిందట. పక్కింటామె మా ముందు కూర్చున్న రెండో ఫిట్టరు భార్య. ఆమెకు ఎవరు చెప్పారని అడగాల్సిన అవసరం రాలేదు. ఆ ఫిట్టరు ఉల్లిగడ్డ ముక్క నములుతూ, “పొద్దుగాల నేనే జెప్పిన. మామ రాత్రి అన్నడని” అన్నాడు.

మేస్త్రీ గురువారం రాత్రి అన్న మాట ఇబ్రి నుంచి ఊరికి, ఊరి నుంచి అల్ ఖౌద్‌కి, అక్కడి నుంచి మళ్లీ మేస్త్రీ చెవికే వచ్చింది. దాన్నే అతను ఊరంతా అంటున్న మాటగా లెక్కేశాడు. నేను ఒక్కో మెట్టూ విప్పి చూపించాను. ఆరో తరగతి పిల్లాడికైనా అర్థమయ్యేలా చెప్పాను.

“అయితే ఏందంటవు?” అన్నాడు మేస్త్రీ. “అందరు నమ్మిండ్రు గదా.”

నేను మళ్లీ ల్యాప్‌టాప్ వైపు తిరిగాను.

కార్పెంటరు ఫోన్ మోగింది. భార్య. అక్కడ మాకన్నా గంటన్నర ముందు, అంటే సాయంత్రం కావస్తోంది. అతను ఫోన్ చెవికి పెట్టుకోకుండా తొడ మీద పెట్టి స్పీకర్ నొక్కాడు. ఆ రూమ్‌లో భార్యలతో మాట్లాడటం పబ్లిగ్గానే జరిగేది, పెద్దమనుషుల ముందు హాజరు వేయించుకున్నట్టు.

“ఇంటున్నవా? ప్రాజెక్టు దిక్కు నుంచి వచ్చే గాలి బందయింది. ఒకటే ఉడుకవోత. పసుపు ఏం జెయ్యమంటవు?”

“ఏం జెయ్యకు. వాన లేదు.”

“ఎవరన్నరు?”

“మామ అన్నడు. ఇక్కడ నిన్న మస్తు గొట్టింది. మొగులు ఇక్కడనే ఖతం.”

ఆమె, “అక్కడ గొడితె ఇక్కడికేందయ్య?” అంది.

ఆ మధ్యాహ్నం ఆ రూమ్‌లో నేను విన్న మొదటి తెలివైన మాట అది. నేను “అదీ ప్రశ్న” అన్నాను, కొంచెం గట్టిగానే.

“ఎవలది, మాట్లాడేది?”

“ఎవరు లేరు. ఆంధ్రా సారు.”

“ఏమంటుండు?”

“ఏం లేదు. తిన్నవా అంటుండు.”

ఫిట్టర్లు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. నేను వంగి ఫోన్‌లోనే చెప్పాను. “రేపో ఎల్లుండో సాయంత్రం గాలివాన వచ్చే అవకాశం ఎక్కువుందమ్మా. పదింట ఆరు పాళ్లు.”

“గా పాళ్లు నాకు సమజ్ గావు సారూ. గీ పసుపు మీ ఇంటిదే అనుకోండ్రి. మీరైతె ఏం జేస్తరు?”

పాళ్లు లెక్కవేసేవాడు తప్పించుకోలేని ప్రశ్న అది. ఉడకబెట్టి ఎన్నాళ్లయిందని అడిగాను. రెండు విడతలు చేసిందట. మొదటిది గలగలలాడుతోంది, ఇంకో రెండు ఎండలు చాలు. రెండోది ఇంకా మెత్తగానే ఉంది, కుప్ప చేస్తే చెమట పడుతుంది.

“నేనైతే ఎండినదాన్ని రేపు మధ్యాహ్నం లోపల కప్పేస్తాను. పచ్చిదాన్ని మబ్బు పట్టేదాకా ఉంచుతాను. మబ్బు కనిపిస్తే అది కూడా కప్పేస్తాను. రాత్రికి వాన రాకపోతే పొద్దున్నే మళ్లీ పరుస్తాను.”

“గట్లనే” అని ఆమె ఫోన్ పెట్టేసింది. భర్త ఏమంటాడో అడగలేదు.

కార్పెంటరు నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. పంట గురించి భయపడే మనిషి చూపు కాదది. “ఇజ్జత్ దీసినవ్ సారూ” అన్నాడు.

“పసుపు పోతే?”

“పసుపు నాది. పోతె పోతది. నా పెండ్లానికి నువ్వు జెప్పుడేంది?”

మేస్త్రీ అతని భుజం మీద చెయ్యి వేశాడు. “పోనీ అల్లుడా. ఎల్లుండి వాన రాదు. అప్పుడు సారుతోనే మల్ల పరిపిద్దాం, విమానం టికెట్టు మనమే దీద్దాం.” మళ్లీ నవ్వు. నేను ల్యాప్‌టాప్ మూసేశాను. ఆ రోజు కూర బాగుందని చెప్పడం కూడా మానేశాను.

శనివారం డ్యూటీ మామూలే. నేను ల్యాబులో దిమ్మలు పగలగొట్టాను. కార్పెంటరు కల్వర్టు దగ్గర చెక్కలు బిగిస్తున్నాడు. నమూనాలు తేవడానికి వెళ్తే మొహం తిప్పుకున్నాడు. ఇబ్రి ఆకాశంలో ముక్క మబ్బు లేదు. మేస్త్రీ నన్ను చూసినప్పుడల్లా అరచెయ్యి చాచి చినుకులు పడుతున్నాయేమోనని పరీక్షించేవాడు. ఆ పరీక్ష జరగాల్సింది ఇక్కడ కాదన్న సంగతి అతనికి తోచలేదు. తన సిద్ధాంతం ప్రకారం కూడా, ఆ చెయ్యికి అక్కడ పని లేదు.

సాయంత్రం బస్సు దిగి మెస్ ముందు లైన్‌లో నిలబడ్డాం. కార్పెంటరు నాకు ఇద్దరి ముందున్నాడు. అతని ఫోన్ మోగింది. ఈసారి స్పీకర్ పెట్టలేదు, కానీ ఆమె గొంతుకు స్పీకర్ అవసరం లేకపోయింది.

“వానొచ్చింది. ముందుగాల గాలి, ప్రాజెక్టు దిక్కు నుంచి. ఆ ఎనుకనే వాన. ఎండింది మొత్తం గప్పిన. కవర్ల మీద బండలు వెట్టిన, ఎగరలే. పచ్చిది సగం గప్పిన, సగం తడిసింది.”

“సగమేంది?” అన్నాడు కార్పెంటరు. “సగం ఎందుకు తడిసింది? చేతగాదా?”

“నలుగురు కూలోళ్లే దొరికిండ్రు. ఐదో మనిషివి నువ్వు, రాకపోతివి.”

లైన్‌లో నవ్వు ఒక చివరినుంచి ఇంకో చివరికి పోయింది. అందులో తెలుగు రానివాళ్లు కూడా ఉన్నారు. నిన్న మధ్యాహ్నం నుంచి అతను పసుపు గురించి అడిగిన మొదటి ప్రశ్న ‘సగమేంది’. వాన లేదని తాను ఆర్డరు వేసిన సంగతి అతనికి గుర్తున్నట్టు లేదు. కప్పిన పసుపు తన ఆర్డరు మీరి కప్పిందన్న సంగతి అసలే గుర్తులేదు.

మేస్త్రీ ముందుకొచ్చి ఫోన్ తీసుకున్నాడు. “ఎంతసేపు గొట్టింది బిడ్డా?”

“ఇరవై నిమిషాలు, మామా.”

“ప్రాజెక్టుల నీళ్లు వెరిగినయా?”

“నీళ్లెందుకు వెరుగుతయి?”

ఫోన్ తిరిగి ఇచ్చేసి, లైన్ అందరికీ వినిపించేలా చెప్పాడు. “గది వానంటరా? తుంపర. నేను వాన లేదన్న. తుంపర లేదన్ననా? ఇక్కడ కురవంగ మిగిలింది గా ఇరవై నిమిషాలు. ఇక్కడ గిట్ల కురవకుంటె ఇయ్యాల ఊరే మునుగుతుండె.”

తలలు ఊగాయి. ఫిట్టర్లవి, నా వెనకున్న ఇద్దరివి, కార్పెంటరుది కూడా. అతని కల్లంలో సగం పచ్చి పసుపు నీళ్లు కారుతూ ఉండగా, ఆ నీళ్లు రావని చెప్పిన మనిషికి అతను ఊరిని కాపాడిన పెద్దమనిషి మర్యాద ఇచ్చాడు. మేస్త్రీ పళ్లెంలో కూర వేసేటప్పుడు మెస్‌లో వడ్డించే బెంగాలీ కూడా ఒక ముక్క ఎక్కువ వేశాడు.

నేను పళ్లెం పట్టుకుని ముందుకు జరిగాను. దిమ్మ పగిలితే అంకె రాస్తాం. దిమ్మతో వాదించం.

తర్వాతి శుక్రవారం కూడా వెళ్లాను. అందరూ ఉన్నారు. టీవీ అమ్మాయి అక్కడక్కడ అంది. మేస్త్రీ బయటికి వెళ్లి, ఇబ్రి గాలి ఏ దిక్కునుంచి వస్తోందో చూసి వచ్చి, సోమవారం దాకా భయం లేదన్నాడు. ఆ మాట ఐదు ఫోన్లలో ఊరికి వెళ్లింది. కార్పెంటరు కూడా భార్యకు చెప్పాడు. ఆమె “సరే” అంది. ఆ సరేకు అర్థం ఏమిటో అతనికి తెలియలేదు. నాకు తెలిసింది, ఎందుకంటే వెనక టార్పాలిన్ లాగుతున్న చప్పుడు, బండ దొర్లుతున్న చప్పుడు ఫోన్‌లో వినిపిస్తూనే ఉన్నాయి.

వారం తిరిగేసరికి కథ మారింది. అల్ ఖౌద్ డ్రైవరుతో కార్పెంటరు ఫోన్‌లో అంటుంటే విన్నాను: “మామ వాన లేదనే అన్నడు. అయినా నాకు డౌట్ గొట్టి, నేనే గప్పుమన్న.” అతను ఆ మాట అబద్ధమాడుతున్నట్టు కూడా అనలేదు. నమ్మి అన్నాడు. అది ఊరికి చేరి, నాలుగు ఇళ్లు తిరిగి, ఇంకో క్యాంపునుంచి మళ్లీ మా రూమ్‌కే వచ్చింది. ఇక అది ఊరంతా అంటున్న మాట.

ఆ నెలాఖరుకు పసుపు ఎండింది. పాలిష్ పట్టించి బస్తాలకెత్తారు. లెక్క ఆమె చెప్పింది, అతను స్పీకర్ పెట్టాడు. మొత్తం బస్తాలు ముప్పై ఒకటి. మచ్చపడినవి నాలుగు.